షేల్‌లో పసుపు మట్టి పొర: బెంటోనైట్ అని ఎలా తేల్చాలి?

ప్రశ్న (ఎమ్మెస్సీ జియాలజీ, గుంటూరు): ఒంగోలు వైపు వేమవరం షేల్‌లో (పలకల్లా విడిపోయే మట్టిరాయి) రెండు అంగుళాల మందాన లేత పసుపు పొర కనిపించింది. తడిపితే సబ్బులా జారుతోంది. రిపోర్టులో బెంటోనైట్ అని రాసేయొచ్చా సార్? మన రేగడి కూడా ఇలాగే జారుతుంది కదా?

జవాబు (మట్టి పరీక్షల ల్యాబ్, విజయవాడ): తొందరపడకమ్మా. జారడం, ఉబ్బడం మాంట్‌మోరిల్లొనైట్ అనే మట్టి ఖనిజం గుణాలు. అది రేగడిలోనూ ఉంటుంది. రేగడి నేలమీద రాయి చివికి తయారైంది. షేల్‌లో ఉండే బెంటోనైటేమో అగ్నిపర్వతం బూడిద సముద్రం అడుగున పడి మట్టిగా మారినది. ఉబ్బు పరీక్ష మట్టి ఎంత ఉబ్బుతుందో చెబుతుంది, ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పదు.

అయినా మొదట అదే చెయ్యి. భారత ప్రమాణం ఐఎస్ 2720, 40వ భాగం ప్రకారం 425 మైక్రాన్ల జల్లెడ దిగిన, ఓవెన్‌లో ఆరిన మట్టి 10 గ్రాముల చొప్పున రెండు 100 మి.లీ. సిలిండర్లలో వెయ్యాలి. ఒకదాంట్లో డిస్టిల్డ్ వాటర్, రెండోదాంట్లో కిరోసిన్. గాజు కడ్డీతో కలిపి బుడగలు పోగొట్టి 24 గంటలు కదపకుండా ఉంచు. ఉదాహరణకు మట్టి నీళ్లలో 36 మి.లీ., కిరోసిన్‌లో 12 మి.లీ. వస్తే, తేడా 24ని 12తో భాగించి వందతో గుణిస్తే ఉబ్బు 200 శాతం. బాగా ఉబ్బే సోడియం బెంటోనైట్ అయితే సిలిండర్ చాలదు, 5 గ్రాములే వెయ్యి.

జవాబు (జియాలజీ లెక్చరర్, గుంటూరు): బూడిద అని రుజువు చేసేది స్ఫటికాలే. ముందు పొర ఆకారం చూడండి. బూడిద పొర అడుగు అంచు కత్తితో కోసినట్టుంటుంది, షేల్ పొరలకు సమాంతరంగా చాలా దూరం సాగుతుంది. పసుపు రంగు పగుళ్ల వెంట అడ్డంగా, ఏటవాలుగా పాకితే అది జారోసైట్ అనే పసుపు ఖనిజం కావచ్చు. షేల్‌లోని పైరైట్ (ఇనుము, గంధకం ఉన్న ఖనిజం) గాలి తగిలి పాడైనప్పుడు జారోసైటూ, జిప్సమూ పుడతాయి. ఎక్కువమంది పొరబడేది ఇక్కడే.

పైన చివికిన భాగం ఓ అడుగు లోతు తవ్వి తీసేసి, పొర నడిమి నుంచి కిలో మట్టి తీసుకోండి. పైనా కిందా ఉన్న షేల్ కలవనివ్వద్దు. కలిస్తే నదులు మోసుకొచ్చిన పాత జిర్కాన్లు (వయసు కట్టడానికి వాడే స్ఫటికాలు) చేరి వయసు తప్పు చూపిస్తాయి. రోట్లో దంచవద్దు, స్ఫటికాలు విరిగిపోతాయి. బాగా ఎండబెట్టి నీళ్లలో వేస్తే దానంతటదే విచ్చుకుంటుంది. బురద నీళ్లు వంపుతూ పోతే అడుగున ఇసుకలాంటిది మిగులుతుంది. లెన్సు కింద ఆరు మూలల నల్ల బయొటైట్ (నల్ల అభ్రకం) రేకులు, అంచులు అరగని సన్నటి జిర్కాన్ సూదులు కనిపిస్తే బలమైన ఆధారం. గుండ్రంగా అరిగిన క్వార్ట్జే ఎక్కువుంటే ఏటి ఒండ్రు. యాసిడ్ మాత్రం పోయకండి, ఆపటైట్ అనే స్ఫటికాలు కరిగిపోతాయి.

ఇంత జాగ్రత్త దండగ కాదు. అమెరికాలో సౌత్ డకోటా వైపు పియర్ షేల్‌లో ఇలాంటి బూడిద పొరల్లోని శానిడిన్ అనే స్ఫటికాలకు ఆర్గాన్ పద్ధతిలో వయసు కట్టి, బాక్యులైట్స్ అనే అమ్మోనైట్ల (అంతరించిన సముద్ర జీవులు) శిలాజాల వరసతో జోడించారు. క్రెటేషియస్ (డైనోసార్ల ఆఖరి యుగం) చివరి కాలపు లెక్కకు అదొక గట్టి ఆధారం. వేమవరంలోనూ అమ్మోనైట్లున్నాయి. మీ పొర నిజంగా బూడిదైతే దాని విలువ చాలా ఎక్కువ.

ప్రశ్న: ఉబ్బు 40 శాతమే వచ్చింది సార్. హాస్టల్ బోరు నీళ్లు వాడాం. బెంటోనైట్ కానట్టేనా?

జవాబు (ల్యాబ్): కాదని చెప్పలేం. బోరు నీళ్ల కాల్షియం మట్టిలోని సోడియం చోటు ఆక్రమిస్తే ఉబ్బు పడిపోతుంది. మట్టిలో జిప్సమ్ ఉన్నా అంతే. డిస్టిల్డ్ వాటర్‌తో మళ్లీ చెయ్యి.

జవాబు (లెక్చరర్): పొటాషియం చేరి ఇల్లైట్ అనే ఉబ్బని మట్టి ఖనిజంగా మారిన బూడిద పొరలూ పెద్దగా ఉబ్బవు. ఎక్స్‌రే డిఫ్రాక్షన్‌కు (ఎక్స్‌రేలతో ఖనిజాన్ని గుర్తించే పరీక్ష) ఇవ్వండి. గ్లైకాల్ అనే ద్రవం పట్టించాక గ్రాఫులో మొదటి శిఖరం 17 ఆంగ్‌స్ట్రామ్‌లకు జరిగి, 550 డిగ్రీలకు వేడి చేస్తే 10కి కుంచించుకుపోతే స్మెక్టైట్, అంటే మాంట్‌మోరిల్లొనైట్ కుటుంబం మట్టి. స్లైడు కోసం 2 మైక్రాన్ల లోపు మట్టి కావాలి. 20 డిగ్రీల నీళ్లలో అంతకంటే పెద్ద రేణువులు 5 సెం.మీ. దిగడానికి సుమారు 4 గంటలు పడుతుంది. మన ఎండాకాలంలో నీళ్లు పలచబడి ఇంకా తొందరగా దిగుతాయి, ఉష్ణోగ్రత రాసుకుని సరిచేసుకోండి. స్ఫటికాలు దొరికేదాకా రిపోర్టులో ‘పసుపు మట్టి పొర’ అనే రాయండి.