అప్‌డేట్: బొనైర్‌లో షోర్ డైవింగ్, బండిలో సామాను దొంగతనం గురించి అడిగాను కదా

కరీబియన్ దీవి బొనైర్‌కి షోర్ డైవింగ్ (పడవ లేకుండా ఒడ్డు నుంచే దిగి చేసే స్కూబా డైవింగ్) కోసం వెళ్తున్నాం, మేం నీళ్లలో ఉండగా ఒడ్డున ఆపిన పికప్‌లోంచి సామాను పోతుందంటున్నారు, ఏం చేయాలి అని అడిగాను. క్షేమంగా తిరిగొచ్చాం, ఏమీ పోలేదు. సలహాలిచ్చిన అందరికీ చాలా థాంక్స్.

నిజంగా పనిచేసింది ఒక్కటే: బండిలో ఏమీ ఉంచకపోవడం, అద్దాలు దించేసి తలుపులకి తాళం వేయకుండా వదిలేయడం. వినగానే భయమేసింది కానీ అక్కడ బండి అద్దెకిచ్చినవాళ్లు కూడా అదే చెప్పారు, ఎందుకంటే తాళం వేస్తే లోపల ఏదో ఉందనుకుని అద్దం పగలగొడతారు, మా ఒప్పందంలో ఆ ఖర్చు మనదే. పాస్‌పోర్టులు, ఫోన్లు, కార్డులు గదిలోని లాకర్‌లోనే. బండిలో పాత తువ్వాళ్లు, తాగునీళ్లు, అంతే. హిల్మా హుకర్ (మునిగిన ఓడ ఉన్న డైవింగ్ చోటు) దగ్గర పక్క బండివాళ్లకి సీటు కింద దాచిన బ్యాగు పోయింది, పాపం, కాబట్టి దాచడం మీద నమ్మకం పెట్టుకోకండి.

తాళంచెవి సంగతి ముందే తేల్చుకోండి. రిమోట్ ఉన్న కీ నీళ్లలో పాడవుతుంది, అందుకే మామూలు ఇనప తాళంచెవి ఉన్న బండే కావాలని బుకింగ్‌లోనే అడిగి, దాన్ని బీసీడీ (డైవింగ్‌లో వేసుకునే, గాలి నింపే జాకెట్) జేబులో క్లిప్‌కి తగిలించుకుని దిగాం.

ఒకరు ఒడ్డున కాపలా ఉండాలన్న టెన్షన్ అక్కర్లేకపోయింది. కొనుక్కెళ్లిన ఇనప పెట్టె, గొలుసు అసలు వాడలేదు. రాత్రి డైవ్‌లు మాత్రం బస చేసిన చోటి సొంత రేవు నుంచే చేశాం, అది నాకు బాగా నచ్చింది.