క్లెయిమ్స్ క్లర్కుల లెక్క విడిగా ఎక్కడ దొరుకుతుంది?

అమెరికాలో ఇన్సూరెన్స్ క్లెయిమ్స్ క్లర్కుల ఉద్యోగాలు, జీతాలు, వాళ్లలో ఆడవాళ్ల వాటా గురించి ఒక రిపోర్టు రాస్తున్నాను. వారం రోజులుగా ఒక్కచోటే ఆగిపోయాను, టెన్షన్‌గా ఉంది.

కార్మిక గణాంకాల బ్యూరో ఏటా మే నెల పేరుతో ఇచ్చే జీతాల సర్వేలో 43-9041 అనే వృత్తి కోడ్ చూశాను. క్లెయిమ్స్ క్లర్కులనూ, పాలసీ పనులు చూసే క్లర్కులనూ ఒకే వరుసలో కలిపేశారు. నష్టాన్ని అంచనా వేసే అడ్జస్టర్లు 13-1031లో వేరుగా ఉన్నారు, వాళ్లతో ఇబ్బంది లేదు. కానీ ఫారంలో సంతకం, తేదీ, జతచేసిన బిల్లులు సరిచూసి క్లెయిమ్‌ని ముందుకు పంపే పని వేరు, పాలసీలో చిరునామా మార్చే పని వేరు కదా! పైగా ఈ సర్వేలో ఆడ, మగ వివరం ఉండదు.

దానికోసం కుటుంబాల సర్వే సీపీఎస్ పట్టికలు తెరిచాను. అక్కడా అదే కలగలుపు. అందులో ఉన్నది ఫుల్‌టైమ్ వాళ్ల వారం జీతం. 52తో గుణించి చూస్తే, గంట జీతాన్ని 2,080తో గుణించి ఇచ్చే మొదటి సర్వే వార్షిక జీతంతో పొంతన కుదరడం లేదు. పరిశ్రమలవారీగా ఇన్సూరెన్స్ కంపెనీలను, ఏజెన్సీలను విడదీసి చూసినా ఫలితం లేదు.

క్లెయిమ్స్ క్లర్కులను మాత్రమే విడిగా, ఆడ-మగ వివరంతో చూపించే ప్రభుత్వ పట్టిక ఏదైనా ఉందా?