150 డిగ్రీల వేడినీటి లైన్ పైన కొట్టుకుంటోంది: గాలా, ఆవిరా?

యుటిలిటీ_గీసుగొండ:
టెక్స్‌టైల్ పార్కు పక్కన బట్టల ప్రాసెసింగ్ యూనిట్. సప్లై 150 డిగ్రీలు, రిటర్న్ 110. లైన్‌లో పీడనం నిలబెట్టే నైట్రోజన్ ట్యాంకు పంపు సక్షన్ (నీళ్లు లోపలికొచ్చే) వైపు ఉంది, డిశ్చార్జి (నీళ్లు బయటికిపోయే) వైపు గేజ్ 5.5 బార్ చూపిస్తుంది. అక్కడినుంచి 14 మీటర్ల ఎత్తులో వేడి తీసుకునే కాయిల్, అక్కడిదాకా రాపిడి నష్టం 0.6 బార్. కాయిల్ ముందు లైన్ దబదబ కొట్టుకుంటోంది, కరెంటు పోతే మరీ ఎక్కువ. కాంట్రాక్టరేమో గాలి చిక్కింది, ఎయిర్ వెంట్ పెడదామంటున్నడు. పెట్టాల్నా?

పైపింగ్_కాజీపేట:
అది గాలి కాదన్నా. 150 డిగ్రీల నీటి సాంద్రత 917, అంటే ఎత్తుకే 1.26 బార్ పోయింది. రాపిడి కూడా తీసేస్తే పైన మిగిలేది 3.64 గేజ్, అంటే వాతావరణ పీడనం కలపని లెక్క. మన వరంగల్ ఎత్తుకు వాతావరణ పీడనం 0.98 కలుపుకున్నా 4.62 అబ్సల్యూట్ (మొత్తం పీడనం). 150 దగ్గర పీడనం 4.76 కంటే తగ్గితే నీళ్లు మరుగుతయి. ఇంకేముంది, పైపులోనే మరుగుతున్నయి. కిలో నీళ్లు 1.09 లీటర్లు, ఆవిరైతే 390 లీటర్ల పైనే. ఆ బుడగలు చల్లటి నీళ్లు తగిలి కూలినప్పుడు వచ్చేదే ఆ దెబ్బ. వేడి మీద వెంట్ మాత్రం తెరవొద్దు, బయటికొచ్చిన నీళ్లు ఆవిరై మొహం మీదికొస్తయి.

యుటిలిటీ_గీసుగొండ:
సప్లై 135కి దించితే సరిపోదా?

ప్రాసెస్_హన్మకొండ:
చాలామంది ఇక్కడే బోల్తా పడతరు. 135కి మరిగే పీడనం 2.15 గేజే, నిజమే. కానీ అదే వేడి అందాలంటే తేడా 40 నుంచి 25కి పడింది కాబట్టి ఫ్లో 1.6 రెట్లు కావాలె. రాపిడి ఫ్లో వర్గం (స్క్వేర్) లెక్కన పెరిగి 0.6 కాస్తా 1.5 అయితది. డిశ్చార్జి 5.5 అట్లనే నిలబడ్డా పైన 2.7, మార్జిన్ అర బార్. ఫ్లో పెరిగేకొద్దీ పంపు ఇచ్చే పీడనం తగ్గుతది, అట్ల జారితే అదీ ఉండదు.

కరెంటు పోతే పంపు ఇచ్చే పీడనం మాయం, పైన లైన్‌ను కాపాడాల్సింది ట్యాంకొక్కటే. 15 డిగ్రీల మార్జిన్ పెట్టుకుంటే, అంటే 165 దగ్గరి 7.0 అబ్సల్యూట్, అందులోంచి వాతావరణ 0.98 తీసి ఎత్తు 1.26 కలిపితే, పంపు రూంలో నైట్రోజన్ 7.3 గేజ్ కావాలె. పంపు నడిచేటప్పుడు అది ఇచ్చే పీడనం దీని మీద కలుస్తది. పెంచేముందు బాయిలర్ నేమ్‌ప్లేటు, సేఫ్టీ వాల్వ్ సెట్టింగు, గ్యాస్కెట్ రేటింగు చూడండి. అవి ఒప్పుకోకపోతే టెంపరేచర్ దించక తప్పదు.

పైపింగ్_కాజీపేట:
ఇంకొకటి, కంట్రోల్ వాల్వ్ కాయిల్ ముందుంటే రిటర్న్ వైపు మార్చండి. వాల్వ్‌లో పీడనం పడ్డా, 110 దగ్గర నీళ్లు మరగకుండా ఉండనీకి 1.43 అబ్సల్యూట్ చాలు. బటర్‌ఫ్లై అయితే తీసేసి గ్లోబ్ వేయండి, లోపల పీడనం అంత లోతుకు పడదు.