సైన్యం వెంట మానవశాస్త్రవేత్తలు వెళ్లొచ్చా?

పెరంబూరు శీను
ఆదివారం పిల్లల్ని ఎగ్మోర్ మ్యూజియానికి తీసుకెళ్లాను. వాళ్లు తిమింగలం అస్థిపంజరం దగ్గర్నుంచి కదలరు. సరే అని అక్కడే నిలబడి ఫోన్లో చదువుకుంటుంటే ఎడ్గార్ థర్‌స్టన్ సంగతి కనబడింది. 1885 నుంచి ఇరవై ఏళ్లకు పైగా ఈ మ్యూజియానికి సూపరింటెండెంటు. దక్షిణాది కులాల మీద, తెగల మీద ఏడు సంపుటాలు వేసినాయన. మనుషుల తలలు, ముక్కులు కూడా కొలిచేవాడట.

అక్కడే నాకీ ప్రశ్న వచ్చింది. మనుషుల ఆచారాలు చదువుకున్నవాళ్లు ఇవాళ్టి సైన్యాలకు తోడుంటే తప్పేంటి? ఊళ్లో ఎవరి మాట చెల్లుతుంది, ఏ గడప చెప్పులతో దాటకూడదు, ఆడవాళ్లను ఎవరు సోదా చేయాలి, ఇవి తెలిస్తే పేలాల్సిన తుపాకీ పేలకుండా ఆగుతుంది కదా. నా ఓటు 'వెళ్లొచ్చు'కే.

టీ నగర్ కాఫీ
ముక్కులు కొలిచినాయనతో మొదలుపెట్టి 'వెళ్లొచ్చు' దగ్గర తేలావు. భేష్.

వేలచ్చేరి ఎమ్మే
శీను గారూ, మీరు చెప్పింది అమెరికా సైన్యం నిజంగానే చేసి చూసింది. 'హ్యూమన్ టెర్రైన్ సిస్టమ్' అని పేరు పెట్టి, 2007 నుంచి అఫ్గానిస్తాన్, ఇరాక్‌లకు సామాజిక శాస్త్రాలు చదివినవాళ్లను సైనికుల వెంట పంపింది. 2014లో మూసేసింది. ఆ పేరు చూడండి. కొండ, వాగు, ఊబి ఎలాగో అక్కడి జనమూ అలాగే, దాటాల్సిన నేల అన్నమాట.

2007 అక్టోబరులోనే అక్కడి మానవశాస్త్రవేత్తల సంఘం, అమెరికన్ ఆంత్రోపలాజికల్ అసోసియేషన్ కార్యవర్గం దీన్ని తప్పుపట్టింది. మా క్లాసులో మొదట చెప్పేది ఒకటే: ఎదుటి మనిషి ఇష్టపడి చెప్పాలి, చెప్పిన పాపానికి అతనికి హాని జరగకూడదు. అడిగేవాడి పక్కన నలుగురు తుపాకులు పట్టుకుని నిలబడితే 'చెప్పను పో' అని ఏ రైతు అనగలడు? చెప్పిన మాట రేపు ఎవరి టేబుల్ మీదికి పోతుందో అడిగినవాడికే తెలియదు.

అలాగని వెళ్లినవాళ్లంతా చెడ్డవాళ్లని నేననను. ముగ్గురు పరిశోధకులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. వాళ్లలో పాలా లాయిడ్ ఒకామె. 2008 నవంబరులో కాందహార్ దగ్గర మైవాండ్‌లో ఒకతన్ని పెట్రోలు ధర గురించి అడుగుతున్నారు. అతని చేతిలోనూ పెట్రోలు డబ్బా ఉంది. మాట్లాడుతూ మాట్లాడుతూనే దాన్ని ఆమె మీద గుమ్మరించి నిప్పంటించాడు. రెండు నెలలు ఆస్పత్రిలో ఉండి చనిపోయారు. నాకైతే ఆమె ఉద్దేశం మంచిదే అనిపిస్తుంది. కానీ ఆ ఊరివాళ్లకు కనబడింది ఆమె ఉద్దేశం కాదు, ఆమె వెనకున్న సైన్యం.

పెరంబూరు శీను
చదివి మనసు చివుక్కుమంది. కానీ యుద్ధంలో డాక్టర్లూ పోతారు, అందుకని డాక్టర్లు వెళ్లకూడదంటామా? మీరు వెళ్లకపోతే సైన్యం ఆగదు, ఏమీ తెలియకుండా వెళ్తుంది. అదింకా ప్రమాదం.

టీ నగర్ కాఫీ
తెలిస్తే మాత్రం? 1987లో మన శాంతిసేన శ్రీలంకలోని జాఫ్నాకు వెళ్లింది. తమిళం తెలిసిన జవాన్లు మనకు లేరా? మద్రాసు రెజిమెంటే ఉంది. అయినా 1990 మార్చిలో తిరిగొచ్చేసరికి వెయ్యిమందికి పైగా జవాన్లను పోగొట్టుకున్నాం. ఓడలు ఈ మద్రాసు రేవుకే వస్తే ముఖ్యమంత్రి కరుణానిధి ఎదురెళ్లలేదు. భాష తెలియక వచ్చిన కష్టం కాదది. అక్కడికి దేనికి వెళ్లామన్నదాని దగ్గరే వచ్చింది చిక్కు.

కోడంబాక్కం లేఖరి
మన కావలి సోదరుల్ని మరిచిపోయారా? కాలిన్ మెకంజీ కంపెనీ సైన్యపు ఇంజినీరు, 1799 శ్రీరంగపట్నం ముట్టడిలో ఉన్నవాడు. తర్వాత మైసూరు సర్వే చేసేటప్పుడు ఈ అన్నదమ్ములు బొర్రయ్య, లక్ష్మయ్య లాంటి తెలుగువాళ్లే ఊరూరా తిరిగి శాసనాలు, కరణాల లెక్కలు, స్థలపురాణాలు పోగుచేసి ఇచ్చారు. గెలిచిన సైన్యానికి అది దేశం ఆనుపానులు చెప్పే సమాచారం. ఇవాళ మనకు అవే కైఫీయతులు, అంటే ఊళ్ల చరిత్రలు. మా ఊరి చెరువు ఎవరు తవ్వించారో నాకు తెలిసింది వాటిలోనే. మరి బొర్రయ్యను తిట్టుకోవాలా, దణ్ణం పెట్టుకోవాలా? నాకైతే రెండూ చేయాలనిపిస్తుంది.

ఆదిలాబాద్ అల్లుడు
మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ పేరు ఎవరూ ఎత్తరేం? 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీమ్‌ను చంపాక, గోండులు ఎందుకు తిరగబడ్డారో కనుక్కోమని నిజాం ప్రభుత్వం ఆయన్నే అడిగింది. మార్లవాయిలో ఉండి, భూములు పోవడమే కారణమని చెప్పాడు. పట్టాలు వచ్చాయి, గోండు టీచర్లకు శిక్షణ మొదలైంది. ఆయన భార్య సమాధి అక్కడే ఉంది, ఊరివాళ్లు ఇప్పటికీ దణ్ణం పెడతారు.

వేలచ్చేరి ఎమ్మే
నాకూ ఆయనంటే గౌరవమే అన్నా. కానీ తేడా చూడండి. ఆయన గోండుల గోడు ప్రభుత్వానికి మోశాడు. ఎవరింట్లో ఎవరు దాక్కున్నారని జాబితా మోయలేదు.

ఆవడి ఫౌజీ
నేను రిటైరైన హవల్దార్‌ని. ఎక్కడ, ఏ యూనిట్ అని అడగొద్దు. ఒకచోట పోస్టింగ్‌లో అక్కడి భాష నాకు కాస్త వచ్చు. మొదట్లో దాంతో పాలు కొనేవాళ్లం. ఒక ముసలమ్మ చెక్‌పోస్టు దగ్గర రోజూ ఆగి నా యాస చూసి నవ్వేది, వాళ్ల వరసలు నేర్పింది. మేనమామను ఏమంటారు, పెదనాన్న కొడుకును ఏమంటారు, అన్నీ. అవి ఒక నోట్‌బుక్‌లో రాసుకునేవాణ్ణి.

ఆర్నెల్ల తర్వాత పైనుంచి ఆర్డరొచ్చింది. ఏ ఇంటికి ఏ ఇల్లు చుట్టరికం, ఏ ఇంట్లో కుర్రాడు కనబడటం లేదు, రాయమన్నారు. కొత్తగా ఎవర్నీ అడగక్కర్లేకపోయింది. ముసలమ్మ చెప్పినవే ఇంటి నంబర్ల వారీగా మళ్లీ రాశాను. అదే నోట్‌బుక్, వెనక పేజీల్లో.

శీను, నువ్వన్నట్టు దానివల్ల రెండుసార్లు కాల్పులు తప్పాయి, నేనే ఆపాను. ఎమ్మే అమ్మాయి చెప్పిందీ జరిగింది. ఒక ఇంటికి రాత్రిపూట వెళ్లాం. అది ముసలమ్మ అక్క కూతురి ఇల్లు.

పెరంబూరు శీను
బాబాయ్ గారూ, తర్వాత ఆమె మాట్లాడిందా?

ఆవడి ఫౌజీ
ఆ దారిన రావడం మానేసింది.

వేలచ్చేరి ఎమ్మే
ఆ నోట్‌బుక్ ఇప్పుడెక్కడుంది సార్?

ఆవడి ఫౌజీ
బదిలీ అయినప్పుడు నా తర్వాత వచ్చినవాడికి అప్పజెప్పానమ్మా. ముట్టినట్టు సంతకం తీసుకున్నాను.