.243కు దక్కిన ఆదరణ .358కు ఎందుకు దక్కలేదు? మధ్యస్థ క్యాలిబర్లు అమెరికాలో ఎందుకు నిలబడలేదు?

మంచుకొండ
1955లో వించెస్టర్ అనే తుపాకుల కంపెనీ .308 తూటా గుల్లనే (గుండునూ మందునూ పట్టి ఉంచే ఇత్తడి భాగాన్ని) తీసుకుని రెండు తూటాలు తెచ్చింది. ఈ అంకెలు గుండు వ్యాసం, దాదాపు అంగుళాల్లో; దాన్నే క్యాలిబర్ అంటారు. మెడ బిగిస్తే .243 అయింది, మెడ వెడల్పు చేస్తే .358 అయింది. తల్లి ఒకటే, పుట్టిన ఏడూ ఒకటే. మొదటిది ఇవాళ ఏ దుకాణంలో అడిగినా దొరుకుతుంది. రెండోదాని పేరు చెబితే కౌంటర్ దగ్గర కుర్రాడు మళ్లీ చెప్పమంటాడు. .35 వీలెన్, .350 రెమింగ్టన్ మ్యాగ్నమ్, 8 ఎంఎం రెమింగ్టన్ మ్యాగ్నమ్, .325 డబ్ల్యూఎస్ఎం, .338 ఫెడరల్, అన్నిటిదీ దాదాపు ఇదే కథ (మ్యాగ్నమ్ అంటే మందు ఎక్కువ పట్టే బలమైన తూటా). .30కీ .375కీ మధ్య తెచ్చినవాటిలో చాలావరకు ఎందుకు నిలబడవు? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

పాత తుపాకి
తూటాల్లో లోపం లేదు. వాటిని కంపెనీలే చంపాయి. ఉదాహరణ ఒక్కటి చాలు. 1965లో రెమింగ్టన్ .350 మ్యాగ్నమ్ తెచ్చింది. దాన్ని పెట్టిన తుపాకి మోడల్ 600. గొట్టం పద్దెనిమిదిన్నర అంగుళాలు, పైన ప్లాస్టిక్ పట్టీ, చేతికి బొమ్మ తుపాకిలా తేలిక. పేలిస్తే చెవులు దిబ్బడ, భుజం వాపు. పైగా మ్యాగజైన్ పొట్టిది. 250 గ్రెయిన్ల (సుమారు 16 గ్రాముల) పొడుగు గుండు అందులో పట్టాలంటే దాన్ని గుల్లలోకి లోతుగా దించాలి. దించితే మందుకు చోటు తగ్గుతుంది. అంటే బరువైన గుండు కోసం పుట్టిన తూటాకు బరువైన గుండు పట్టని తుపాకి ఇచ్చారు. తర్వాత 660లో గొట్టాన్ని 20 అంగుళాలకు పెంచారు గానీ అప్పటికే పేరు చెడింది. 1971తో ఆ తుపాకీ పోయింది.

.35 వీలెన్ సంగతి ఇంకా అన్యాయం. 1922 నుంచీ ఉంది. .30-06 గుల్ల మెడ వెడల్పు చేస్తే చాలు, తుపాకిలో గొట్టం తప్ప ఏదీ మార్చనక్కర్లేదు. అలాంటిదాన్ని ఒక పెద్ద కంపెనీ సొంతం చేసుకుని పెట్టెల్లో అమ్మడానికి 1980ల చివరిదాకా పట్టింది. అరవై ఏళ్లు తుపాకి పనివాళ్ల వర్క్‌షాపుల్లోనే బతికింది. అన్నేళ్లు వాకిట్లో నిలబెట్టి, ఆనక ఎవరూ పిలవలేదే అంటే ఎలా?

ఎడమచేతి వాటం
ఎడమచేతి బోల్ట్ తుపాకులు (ఒక్కో కాల్పుకూ చేత్తో పిడి లాగి తూటా ఎక్కించేవి) చాలా మోడళ్లలో కొద్ది క్యాలిబర్లలోనే వస్తాయి. మాలాంటివాళ్లకు ఈ చర్చలో పాల్గొనే అవకాశమే కంపెనీలు ఇవ్వలేదు.

లెక్కల మనిషి
పాత తుపాకి గారూ, కంపెనీల మీద నేరం మోపడం తేలిక. ఒక ప్రశ్న అడుగుతాను. .30-06 చేయలేని ఏ పనిని ఇవి చేస్తాయి?

1906లో సైన్యం తీసుకున్న తూటా అది. రెండు ప్రపంచ యుద్ధాలయ్యాక ఆ తుపాకులు, గుల్లలు దేశమంతా చవకగా దొరికాయి. .30లో గుండ్లు 110 గ్రెయిన్ల నుంచి 220 దాకా ఉన్నాయి. జింక నుంచి మూస్ (గుర్రమంత దుప్పి) దాకా ఒక్క తుపాకి సరిపోతుంది. ఆ పక్కన .35 వీలెన్ పెట్టండి. 250 గ్రెయిన్ల గుండు సెకనుకు 2400 అడుగులు. .30-06లో 180 గ్రెయిన్లది 2700. దగ్గర్లో దెబ్బ బరువు కొంచెం ఎక్కువే, ఒప్పుకుంటాను. రెండిటి గురినీ 200 గజాలకు సరిచేసి 400 గజాల దగ్గర చూడండి, వీలెన్ గుండు పది అంగుళాల దాకా ఎక్కువ కిందికి దిగుతుంది. భుజం మీద తన్ను మాత్రం ఎక్కువ. కొనేవాడు ఇచ్చేదెంత, పుచ్చుకునేదెంత అని చూసుకోడా?

ఇక అసలు దెబ్బ కొట్టింది గుండ్ల తయారీ. 1946లో బ్రిటిష్ కొలంబియాలో జాన్ నోస్లర్ అనే వేటగాడు కాల్చిన గుండ్లు మూస్ జబ్బ మీదే చితికిపోయి లోపలికి దిగలేదు. ఆ చిరాకులోంచి పుట్టిందే పార్టిషన్ గుండు. మధ్యలో రాగి గోడ. ముందు సగం విచ్చుకుంటుంది, వెనక సగం చెక్కుచెదరకుండా దూసుకుపోతుంది. పాత రోజుల్లో సీసం గుండు నమ్మదగింది కాదు కాబట్టి లావు గుండు కావాల్సి వచ్చింది. గుండు బాగుపడ్డాక .30 చాలు. ఎలుగుబంటి కోసం ఇంకా బలం కావాలనుకున్న అలాస్కావాడు .338 వించెస్టర్ మ్యాగ్నమ్‌కో .375 హెచ్ అండ్ హెచ్‌కో నేరుగా వెళ్లిపోయాడు. మధ్యలో మిగిలింది ఇరుకు సందు.

ఉత్తర గాలి
నేను స్వీడన్ నుంచి రాస్తున్నాను. మీరిద్దరూ అమెరికానే ప్రపంచం అనుకుంటున్నారు. ఇక్కడ 9.3×62 మామూలు తూటా (కొలత మిల్లీమీటర్లలో, అంగుళాల్లో గుండు .366). మూస్ వేటలో, అడవిపంది వేటలో ఎవరి చేతిలో చూసినా ఆశ్చర్యం ఉండదు. 1905లో బెర్లిన్‌లో ఓటో బాక్ దాన్ని మామూలు పొడవు మౌజర్ యాక్షన్‌లో (తూటాను లోపలికి నెట్టి పేల్చే తుపాకి యంత్రభాగంలో) పట్టేలా రూపొందించాడు. ఖరీదైన పొడుగు యాక్షన్ అక్కర్లేదు. ఆఫ్రికాకు వెళ్లిన రైతు కూడా కొనగలిగాడు. గుండు 18.5 గ్రాములు, నెమ్మదిగా వెళుతుంది, మాంసం పాడు చేయదు. మధ్యస్థ క్యాలిబర్ నిలబడదన్న మాటే తప్పు.

పాత తుపాకి
చూశారా? సరైన తుపాకిలో, సరైన వెలకు ఇస్తే జనం తీసుకున్నారు. నేను చెప్పిందీ అదే. లెక్కల మనిషి గారు మోడల్ 600 సంగతికి జవాబు చెప్పలేదు.

లెక్కల మనిషి
స్వీడన్ లెక్క పూర్తిగా చెప్పండి మరి. అక్కడ మూస్‌కు నియమం ఏమిటి? గుండు 9 గ్రాములైతే వంద మీటర్ల దగ్గర 2700 జౌల్స్ శక్తి, 10 గ్రాములు లేదా ఆపైన అయితే 2000 జౌల్స్ ఉంటే చాలు. అంటే 6.5×55 కూడా సరిపోతుంది. అదే అడవిలో, అదే మూస్‌ను, తరాలుగా ఆ సన్న గుండుతోనూ పడగొడుతున్నారు. ఉత్తర గాలి గారు కాదంటారా?

మోడల్ 600 గొట్టం పొట్టిదే. ఒప్పుకున్నాను. అదే కారణమైతే 2006లో వచ్చిన .338 ఫెడరల్‌కు ఏమైంది? అదీ .308 గుల్లే. మంచి బోల్ట్ తుపాకులు ఇచ్చారు, గొట్టాలు మామూలు పొడవువి. అయినా మూలపడింది.

పాత తుపాకి
.338 గుండ్లు చాలావరకు వించెస్టర్ మ్యాగ్నమ్ వేగానికి తయారైనవి. ఫెడరల్ వేగానికి దూరం పెరిగేకొద్దీ అవి సరిగా విచ్చుకోవు. అదీ కంపెనీల నిర్లక్ష్యమే. మళ్లీ అడుగుతున్నాను, పద్దెనిమిదిన్నర అంగుళాల గొట్టం ఎవరి నిర్ణయం?

గడ్డి మైదానం
చట్టం సంగతి ఎవరూ ఎత్తలేదేమిటి? 2019లో వచ్చిన .350 లెజెండ్ చూడండి. బలం లెక్కన గొప్పదేమీ కాదు. జింకల వేటకు మెడ లేని తిన్నని గుల్లలను మాత్రమే అనుమతించే రాష్ట్రాలు కొన్ని ఉన్నాయి, వాటికి సరిపోతుంది కాబట్టి పెట్టెలు పెట్టెలు అమ్ముడైంది. మిసిసిపీలో ప్రత్యేక సీజన్‌కు ఒంటి తూటా తుపాకి, .35 లేదా అంతకన్నా లావు గొట్టం ఉండాలన్నారు. అక్కడ .35 వీలెన్ కొత్తగా చిగురించింది. తూటా మంచిచెడ్డల కన్నా నియమాల పుస్తకంలో ఒక్క వాక్యం బలమైనది.

మంచుకొండ
ఇది నాకు తట్టని కోణం. ఈలోగా ఒక సందేహం: .358 గుల్లలు దొరకనప్పుడు .308 గుల్లల మెడ వెడల్పు చేసుకుని వాడేవాళ్లు ఉన్నారా?

ఎడమచేతి వాటం
మా మిత్రబృందంలో అందరిదీ అదే దారి. కోసుగా ఉన్న ఎక్స్‌పాండర్ (మెడను లోపలి నుంచి వెడల్పు చేసే పనిముట్టు) పెడితే మెడ చీలకుండా విచ్చుకుంటుంది. జాగ్రత్త ఒక్కటే: గుల్ల అడుగున ముద్ర .308 అనే ఉంటుంది. విడి పెట్టెలో పెట్టి పైన రంగు పూయండి, తుపాకులు రెండూ ఇంట్లో ఉంటే మరీను.

పాత తుపాకి
లెక్కల మనిషి గారి లెక్కలు కాగితం మీద బాగుంటాయి. నేను అడవి గురించి చెబుతాను. దట్టమైన దేవదారు చెట్ల మధ్య ఒక మగ ఎల్క్‌ను (పెద్ద జింకను) .30తో కొట్టాను. గుండు మీరు మెచ్చుకునే రకమే, ప్రముఖ కంపెనీదే. దూరం వంద గజాల లోపు. జంతువు ఒరిగి, లేచి, పొదల్లోకి వెళ్లింది. లోపలికి వెళ్లిన రంధ్రం ఉంది, బయటికి వచ్చింది లేదు. రక్తం లోపలే నిలిచిపోయింది. ఆకుల మీద చుక్కలు, ఒక మొద్దు అంచున చేయంత మరక, ఆ తర్వాత ఏమీ లేదు. చీకటి పడేదాకా మోకాళ్ల మీద వెతికాను. మర్నాడూ వెతికాను. దొరకలేదు. .308 వ్యాసం కన్నా .358 వ్యాసం గుండు కోత వైశాల్యం మూడో వంతు పైగా ఎక్కువ. రెండు వైపులా రంధ్రం పడితే జాడ ఉంటుంది. అది నాకు అంకె కాదు.

లెక్కల మనిషి
బాధ అర్థమైంది. గుండు ఎక్కడ తగిలిందో మాత్రం మీరు రాయలేదు.

పాత తుపాకి
అంటే నాకు గురి తెలియదంటారా? మూడు దశాబ్దాలుగా వేటాడుతున్నవాడిని. ఇలాంటి మాటలు తెర వెనక కూర్చుని రాయడం తేలిక. మీరెప్పుడైనా గాయపడ్డ జంతువు వెంట వెళ్లారా?

లెక్కల మనిషి
వెళ్లాను, నా తప్పు లేకుండానే వెళ్లాను. వేట శిబిరంలో సాయంగా పనిచేసిన రోజుల్లో నా పనే అది. భుజానికి పెద్ద మ్యాగ్నమ్ తగిలించుకుని వచ్చేవాళ్లు. .338 తన్ను .30-06 కన్నా ఒకటిన్నర రెట్లు. లక్ష్యం మీద మూడు గుండ్లు కాల్చమంటే మూడోసారికి కళ్లు మూసుకుని ట్రిగ్గర్ లాగేవాళ్లు. అడవిలో అదే అలవాటు. పొట్టలో తగిలిన ఎల్క్ వెనక కొండ దిగి, వాగు దాటి పోయింది నేను. 'పెద్ద గుండు కదా, ఎక్కడ తగిలినా పడుతుంది' అని వాళ్లు అనేవాళ్లు. ఆ మాట వినీ వినీ నాకు విసుగు పుట్టింది. మీరు రాసిన ప్రతి వాక్యంలో నాకు ఆ మాటే వినిపిస్తోంది.

పాత తుపాకి
నేను ఆ మాట అనలేదు. ఎక్కడ తగిలినా పడుతుందని ఒక్కచోటైనా రాశానా చూపించండి.

లెక్కల మనిషి
రాయలేదు. అయితే మీకు కావలసింది పొరపాటుకు వెసులుబాటు. లావు గుండు ఆ వెసులుబాటు ఇస్తుందని మీ నమ్మకం. వెసులుబాటు అవసరమయ్యే కోణంలో అసలు కాల్చకూడదన్నది నా పట్టు. వేలు వెనక్కి తీసుకోవాలి. మనిద్దరి తగాదా ఇదీ. మోడల్ 600 గొట్టం కాదు.

పాత తుపాకి
అవును, ఇదే. నేనూ దాచను. పక్కకు తిరిగి నిలబడిన ఎల్క్ కోసం ఎదురుచూడటం మైదానంలో కుదురుతుంది. చెట్ల మధ్య ఏటవాలుగా, జబ్బ అడ్డంగా, రెండు క్షణాలు కనిపిస్తుంది. అక్కడ సరైన కాల్పు అంటే జబ్బ ఎముకను దాటి అవతలి వైపు బయటపడే కాల్పు. దాని కోసం తయారైన తూటాలివి. మైదానంలో నాలుగొందల గజాల దూరం కొట్టేవాళ్లు ఎక్కువై, పత్రికలూ ప్రకటనలూ వాళ్లవే అయ్యాక, చెట్ల మధ్య వేటాడేవాడి అవసరం లెక్కలోకి రాలేదు. ఎక్కువమంది కొనలేదు కాబట్టి అవసరం లేదని మీరు తేల్చేశారు. నాకు కోపం వచ్చింది అక్కడ.

ఉత్తర గాలి
ఇక్కడి నియమం చెబుతాను, మీరిద్దరూ వినండి. మూస్ వేటకు వెళితే, గాయపడ్డ జంతువును వెతికే శిక్షణ ఉన్న కుక్క రెండు గంటల్లోపు ఆ చోటికి చేరేలా ఏర్పాటు ఉండాలి. 6.5 వాడినా 9.3 వాడినా అంతే. మీ దగ్గర కొన్ని రాష్ట్రాల్లో కుక్కతో వెతకడం మీద ఆంక్షలు ఉన్నాయని విన్నాను. అలాంటి చోట బాధ్యత అంతా గుండు వెడల్పు మీద వేస్తున్నారు.

లెక్కల మనిషి
కుక్క మాట నూటికి నూరు పాళ్లు నిజం. రెండో రంధ్రం ఉంటే వెతకడం సులువన్నదీ నిజం, దాని మీద నేను వాదించను. నా ప్రశ్న మాత్రం అలాగే ఉంది: ఆ రెండు క్షణాల్లో జబ్బ దాటించగలనన్న నమ్మకం ఎంతమందికి ఉండాలి, ఎంతమందికి నిజంగా ఉంది? తూటా అమ్మేది అందరికీ.

పాత తుపాకి
అందరికీ అమ్మమని నేను ఎప్పుడూ అడగలేదు. ఏడాదికి ఒక్క విడతైనా తయారు చేయమన్నాను.