స్టెగ్నర్ ఉత్తరం: "ఆశా భూగోళం"లో ఆశ ఏది?

మెట్టచేను:
అమెరికన్ రచయిత వాలెస్ స్టెగ్నర్ 1960లో అడవుల కోసం రాసిన ఉత్తరం గుర్తుంది కదా. చివరి మాట "జియాగ్రఫీ ఆఫ్ హోప్". తెలుగులో ఎక్కడో చదివాను, "ఆశా భూగోళం" అనో "ఆశల భూగోళం" అనో. ఏదై ఉంటుంది?

అమరం:
"ఆశా" అయ్యుండాలి. అమరకోశంలో "దిశస్తు కకుభః కాష్ఠా ఆశాశ్చ" వల్లెవేసినవాళ్ళకు ఆశ అంటే దిక్కు కూడా. భూగోళం పక్కన అంతకన్నా ఏం కావాలి? "ఆశల" అంటే ఆ శ్లేష పోయినట్టే.

పోతన బడి:
శ్లేష బాగుందండీ, కానీ తెలుగు చెవికి ముందు వినపడేది అత్యాశే. "ఆశాపాశము దాఁ గడున్ నిడుపు" అని వామనుడు బలితో అన్నది మూడడుగుల నేల దగ్గరే. తర్వాతి పాదంలోనే "మేదినీవలయ సామ్రాజ్యంబు". ఆశా, భూగోళమూ ఒకే పద్యంలో కూర్చిన పోతనను దాటి అమరం దాకా ఎందుకు?
స్టెగ్నర్ నాన్న జార్జ్‌ది ఆ పాశమే. కెనడాలోని సస్కచ్చవాన్‌లో, మోంటానా సరిహద్దు పక్కన గోధుమ వేశాడు. యుద్ధకాలపు ధర చూసి ఇంకా వేశాడు. వానలు మొహం చాటేశాయి. తర్వాత దొంగసారా వ్యాపారం, ఊరి మీద ఊరు.

మెట్టచేను:
అది నాన్న ఆశ. అమ్మ హిల్డాది ఒకచోట పాతుకుని బతకాలన్న ఆశ. అమెరికా పడమటివాళ్ళను స్టెగ్నర్ ఈ రెండు రకాలుగానే చూశాడు. ఆ పడమటి నేలను సర్వే చేసిన జాన్ వెస్లీ పావెల్ మీద 1954లో పుస్తకం రాసిందీ అందుకే. నూరో రేఖాంశానికి పడమర ఏడాదికి 20 అంగుళాల వాన దాటదు, అక్కడ ఇంటికి 160 ఎకరాలిచ్చే ప్రభుత్వ లెక్క చెల్లదు అని పావెల్ 1878లోనే చెప్పాడు. వానను నమ్ముకుని విత్తనం చల్లే ఇంట్లో పుట్టాను, ఆ మాట నాకు బాగా తగిలింది. ఉత్తరంలోని హోప్‌కి "నమ్మకం" అంటే ఎలా ఉంటుంది?

అమరం:
వద్దు. నమ్మకానికి ఎదుట ఎవరో ఒకరు ఉండాలి. స్టెగ్నర్ అడిగింది అంచుదాకా వెళ్ళి చూసి వచ్చినా చాలనే అడవిని. సస్కచ్చవాన్‌లోని తన చిన్ననాటి ఊరు ఈస్టెండ్‌కి పెద్దయ్యాక తిరిగి వెళ్తే తనను ఇల్లు చేర్చింది ఊరు కాదు, మనుషులూ కాదు, ఏటి ఒడ్డున పొద వాసన. 1962 పుస్తకానికి ఆ పొద పేరే పెట్టుకున్నాడు. అలాంటివాడికి అది దిక్కే.

పోతన బడి:
"దిక్కు" అని మీరే అన్నారు కాబట్టి గజేంద్రమోక్షం దగ్గరికి రండి. "కలఁడు కలం డనెడివాఁడు గలఁడో లేఁడో" అన్న ఏనుగుది నమ్మకమా, ఆశా?