హైస్కూల్ మొదటి సంవత్సరం: బడి తెరిచేలోపు ఏం చేయించాలి?

కొత్తసంచి:
మా వాడు ఈ ఏడు హైస్కూలుకు వెళ్తున్నాడు. ఇన్నాళ్లూ చిన్న బడి, దాదాపు అన్ని సబ్జెక్టులూ ఒకే టీచర్ చెప్పేవారు. ఇకమీదట సబ్జెక్టుకొక టీచర్, పీరియడ్ మారితే గది మారడం, ఎవరి హోంవర్క్ వాళ్లది. బడి తెరవడానికి ఇంకా నెల రోజులుంది.

లెక్కలు, సైన్సు పాఠాలు ఇప్పుడే మొదలుపెట్టించమని కొందరు, అస్సలు ముట్టుకోవద్దని కొందరు అంటున్నారు. ఏది నయం? ఇన్ని సబ్జెక్టుల హోంవర్కు, నోట్సు కలగాపులగం కాకుండా ఎలా పెట్టుకోవాలి? బ్యాగు బరువు, పొద్దున్నే లేవడం సంగతి కూడా తెలిసినవాళ్లు చెప్పండి. "భయపడొద్దని చెప్పండి, అన్నీ అవే సర్దుకుంటాయి" లాంటివి చాలానే విన్నాను. కూర్చోబెట్టి చేయించగలిగే పనులు కావాలి.

లెక్కలపలక:
కొత్త పాఠాలు ముందే చెప్పించకండి. సగం సగం తెలిసిన పాఠం క్లాసులో వస్తే "ఇది నాకొచ్చు" అనుకుని పిల్లలు వినడం మానేస్తారు. అసలు కిటుకు చెప్పేటప్పుడే వాళ్ల ధ్యాస ఎక్కడో ఉంటుంది. ఈ నెల రోజులూ పాత పాఠాల్లో చిల్లులు పూడ్చడానికి వాడండి. రోజుకు ఇరవై నిమిషాలు చాలు.

హైస్కూల్లో బీజగణితం రాలేదని చెప్పే పిల్లల్లో చాలామందికి నిజానికి రానివి భిన్నాలు, మైనస్ సంఖ్యలు. ఈ నాలుగూ కాగితం మీద పెట్టించి చూడండి:

1/2 + 1/3. జవాబు 2/5 అని రాశాడంటే పైవి పైవి, కిందివి కిందివి కలిపేశాడన్నమాట. తప్పని కొట్టేసి 5/6 అని చెప్పేయకండి. 2/5 అంటే సగం కన్నా తక్కువ కదా, సగానికి ఇంకొంత కలిపితే సగం కన్నా ఎలా తగ్గింది అని అడగండి. అక్కడ ఆగి ఆలోచించిన పిల్లవాడు మళ్లీ ఆ తప్పు చేయడం అరుదు.

మైనస్ 7కి 4 కలపమనండి. మైనస్ 11 వస్తే గుర్తు అర్థం కాలేదు, అంకెలు మాత్రమే కనిపిస్తున్నాయి. సంఖ్యారేఖ గీయించి, మైనస్ 7 దగ్గర పెన్సిల్ పెట్టి కుడివైపు నాలుగు గీతలు జరపమనండి.

12 − (5 − 2). జవాబు 9. బ్రాకెట్ తీసేటప్పుడు లోపలి గుర్తు మార్చడం మర్చిపోతే 5 వస్తుంది. సమీకరణాల్లో ఈ తప్పు వల్ల మార్కులు పోతుంటాయి.

నాలుగోది ఎవరూ పట్టించుకోరు. "5కి 3 కలిపి, వచ్చినదాన్ని 2తో గుణించు" అని చెప్పి, ఎలా రాస్తాడో చూడండి. 5 + 3 = 8 × 2 = 16 అని ఒకే వరసలో రాస్తే జవాబు సరైనదే, రాత మాత్రం తప్పు. ఆ వరస ప్రకారం 8, 16 సమానం అవుతున్నాయి. వాడి దృష్టిలో సమానం గుర్తు అంటే "జవాబు వచ్చింది" అని. సమీకరణాల్లో ఆ గుర్తుకు రెండు వైపులా ఒకే విలువ ఉండాలన్నదే మొత్తం పాఠం కాబట్టి, ఈ అలవాటు ఇప్పుడే మాన్పించండి. ఒక్కో మెట్టుకు ఒక్కో లైను.

ఎక్కాలు 12 దాకా తడుముకోకుండా రావాలి. ఏడెనిమిదులు ఎంత అంటే వేళ్లు లెక్కపెట్టే పిల్లవాడికి లెక్క మధ్యలో దారి తప్పుతుంది.

సైన్సుకు ముందస్తు తయారీ అక్కర్లేదు, ప్రమాణాలు తప్ప. ఒక చదరపు మీటరు ఎన్ని చదరపు సెంటీమీటర్లు అని అడగండి. 100 అంటాడు. 10,000 అని వాడి చేతే గళ్లు గీయించి రాబట్టండి.

డైరీభక్తుడు:
హోంవర్కు దగ్గరకొద్దాం. ఒకే టీచర్ ఉన్నప్పుడు పని బరువు ఆవిడే చూసుకుంటారు. లెక్కలు ఎక్కువిచ్చిన రోజు భాష పని తగ్గిస్తారు. సబ్జెక్టుకొక టీచర్ వచ్చాక ఎవరెంత ఇచ్చారో ఇంకొకరికి తెలియదు. మూడు సబ్జెక్టుల పనులూ ఒకే గురువారానికి పడతాయి. తూకం చూసుకునే బాధ్యత పిల్లవాడి మీదికి వచ్చి పడుతుంది. ఆ సంగతి వాడికి ఎవరూ చెప్పరు.

ఒకే ఒక డైరీ కొనండి, రోజుకో పేజీ ఉన్నది. సబ్జెక్టుకో చిట్టిపుస్తకం పెడితే ఒక్కటీ నడవదు. డైరీలో పని రెండు చోట్ల రాయాలి: ఇచ్చిన రోజు పేజీలో ఒకసారి, ఇవ్వాల్సిన రోజు పేజీలో ఒకసారి. చాలామంది మొదటిది మాత్రమే రాస్తారు. సోమవారం ఇచ్చిన శుక్రవారం పని మంగళవారం పేజీ తిప్పేసరికి కనిపించకుండా పోతుంది. సాయంత్రం "రేపటికేం లేదు" అంటాడు, అది అబద్ధమేమీ కాదు. రేపటికి నిజంగానే ఏమీ లేదు. అందుకే మీరు "హోంవర్కు ఉందా?" అని అడగకండి. "ఈ వారంలో ఏమేం ఇవ్వాలి, డైరీ చూపించు" అనండి.

రాసే తీరు కూడా ముఖ్యం. "లెక్కలు హోంవర్క్" అని రాస్తే ఇంటికొచ్చాక అది ఎందుకూ కొరగాదు. "లెక్కలు, అభ్యాసం 2, 1 నుంచి 6, ఫెయిర్ నోట్సులో, బుధవారం" అని ఉండాలి. ఏది, ఎంత, దేనిలో, ఎప్పటికి: నాలుగూ ఉన్నాయో లేదో మొదట్లో రోజూ చూడండి.

ప్రాజెక్టులకు తేదీ నుంచి వెనక్కి లెక్కపెట్టించండి. 20వ తేదీకి ఇవ్వాలంటే 18కి శుభ్రంగా రాయడం పూర్తి, 15కి చిత్తుప్రతి, 11కి సమాచారం చేతిలో, 9కి విషయం ఖాయం. ఈ మధ్య తేదీలు కూడా డైరీకెక్కాలి. చివర రెండు రోజులు ఖాళీ వదలమనేది ఊరికే కాదు, ప్రింటర్ పనిచేయకపోవడం ఎప్పుడూ ఆఖరి రాత్రే జరుగుతుంది.

విడి కాగితాలకు సబ్జెక్టుకో ఫైలు వద్దు, ఇంట్లోనే ఉండిపోతాయి. అరలున్న ఒక ఫైలు బ్యాగులో ఉంచి, శనివారమో ఆదివారమో పావుగంట కూర్చుని అవన్నీ ఇంట్లో పెద్ద ఫైళ్లలోకి మార్చాలి. తేదీ వేయని కాగితం పరీక్షల ముందు చెత్తతో సమానం.

బడికి వెళ్లని రోజు ఏం జరిగిందో అడగడానికి సబ్జెక్టుకొకరి చొప్పున తోటి విద్యార్థిని చూసుకోవాలి. అన్నిటికీ ఒకే స్నేహితుణ్ని నమ్ముకుంటే ఇద్దరూ ఒకేసారి జ్వరంతో పడుకుంటారు.

రఫ్‌బుక్:
నోట్సు గురించి. మొదటి వారంలో ఏ పద్ధతీ రుద్దకండి. ఒక్కో టీచర్‌కు ఒక్కో నియమం ఉంటుంది: మార్జిన్ ఎంత, పాఠం కొత్త పేజీలోనా, బొమ్మ ఎడమ పక్కనా. అవి తెలిశాక కావాలంటే కార్నెల్ పద్ధతి నేర్పండి. పేజీకి ఎడమవైపు సుమారు 6 సెంటీమీటర్లు, అడుగున 5 సెంటీమీటర్లు గీత గీసి వదలాలి. క్లాసులో కుడివైపు మాత్రమే రాయాలి. ఆ సాయంత్రం ఎడమవైపు, పక్కనున్నది జవాబయ్యేలా ప్రశ్నలు రాయాలి. అడుగున రెండు వాక్యాల్లో సారాంశం. తర్వాత చదవడమంటే కుడివైపు చేత్తో మూసి, ఎడమవైపు ప్రశ్నలకు నోటితో జవాబు చెప్పడమే. ఎడమ గడి ఖాళీగా ఉంచేస్తే ఈ పద్ధతి వల్ల కాగితం వృథా తప్ప ఏమీ రాదు.

మూసి చెప్పుకోవడం ఎందుకంటే, పదే పదే చదివితే వచ్చేసినట్టు అనిపిస్తుంది. 2006లో రోడిగర్, కార్పికీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు చేసిన ప్రయోగంలో, ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్లీ మళ్లీ చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత పెడితే, చదివాక చూడకుండా గుర్తుచేసుకుని రాసినవాళ్లు ముందుకొచ్చారు. బడిలో పరీక్షలు ఐదు నిమిషాల తర్వాత ఉండవు కదా.

ప్రశ్నలో క్రియాపదం కింద గీత గీయడం నేర్పండి. "పేర్కొనండి" అంటే పేర్లు చాలు. "వివరించండి" అంటే ఎలా, ఎందుకు అన్నవి రావాలి. "పోల్చండి" అంటే రెంటి గురించీ వేరు వేరు పేరాలు రాస్తే సగం మార్కులే. ఒకే అంశం తీసుకుని దానిలో ఇది ఎలా, అది ఎలా అని పక్కపక్కన పెట్టాలి. చిన్న బడిలో తెలిసిందంతా రాస్తే సరిపోయేది, ఇక్కడ అడిగింది రాయాలి.

తూకంరాయి:
బ్యాగు: పిల్లవాడి బరువులో పదో వంతు దాటకుండా చూడమన్నది వాడుకలో ఉన్న లెక్క. 40 కిలోల పిల్లవాడికి 4 కిలోలు. బ్యాగుతో ఒకసారి, లేకుండా ఒకసారి తూకం మీద నిలబెడితే తేడా తెలిసిపోతుంది. బరువు ఎక్కడ దాగుందో చూడండి. లీటరు నీళ్లు ఒక కిలో. 80 జీఎస్ఎం (చదరపు మీటరుకు 80 గ్రాములు తూగే) ఏ4 కాగితం ఒక్కోటి 5 గ్రాములు, అంటే ఆ సైజు 200 పేజీల నోట్సు అట్ట కాకుండానే అర కిలో. ఆరు సబ్జెక్టులకు అలాంటివి పెడితే పాఠ్యపుస్తకం ఒక్కటీ వేయకముందే 3 కిలోలు. కాబట్టి 100 పేజీలవి కొని, అయిపోయాక మార్చండి.

బరువైన పుస్తకం వీపుకు ఆనుకునే అరలో ఉండాలి. బ్యాగు బయటి అరలో పెడితే బరువు వెనక్కి లాగుతుంది, పిల్లవాడు ముందుకు వంగి నడుస్తాడు. పట్టీలు రెండూ వేసుకోవాలి, బ్యాగు అడుగు నడుం కిందికి వేలాడకూడదు.

నిద్ర: 13 నుంచి 18 ఏళ్ల వాళ్లకు 8 నుంచి 10 గంటలు, 6 నుంచి 12 ఏళ్ల వాళ్లకు 9 నుంచి 12 గంటలు అని అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ 2016లో చెప్పింది. ఈడొస్తున్న వయసులో ఒంటి గడియారమే ఆలస్యంగా నడుస్తుంది, త్వరగా నిద్ర పట్టకపోవడం మొండితనం కాదు. సెలవుల్లో తొమ్మిదింటికి లేచేవాణ్ని ఒక్కరోజులో ఆరింటికి లేపితే వారమంతా క్లాసులో తూలుతాడు. రెండు మూడు రోజులకోసారి పావుగంట చొప్పున ముందుకు జరపండి. మూడు గంటలు జరపాలంటే పన్నెండు మెట్లు, అంటే మూడున్నర నుంచి ఐదు వారాలు. మీ దగ్గరున్నది నెలే కాబట్టి ఇవాళే మొదలుపెట్టండి. లేవగానే వెలుతురులోకి పంపడం, రాత్రి ఫోను గది బయట ఛార్జింగ్‌లో పెట్టడం, ఈ రెండూ కలిస్తేనే ఆ పావుగంట నిలబడుతుంది.

కొత్తసంచి:
అందరికీ ధన్యవాదాలండీ. సమానం గుర్తు పరీక్ష ఇప్పుడే పెట్టాను, ఒకే వరసలో రాశాడు. ఇంకో రెండు సందేహాలు. డైరీ నేను ఎన్నాళ్లు చూడాలి? మొదటి పరీక్షలో మార్కులు బాగా తగ్గితే వెంటనే ట్యూషన్ పెట్టించాలా?

డైరీభక్తుడు:
మొదటి మూడు వారాలు రోజూ, తర్వాత మూడు వారాలు రోజు విడిచి రోజు, ఆపైన వారానికోసారి. మీరు చూడటమే, రాసిపెట్టడం వద్దు. బ్యాగు కూడా రాత్రిపూట వాడే సర్దుకోవాలి, టైంటేబుల్ తలుపు వెనక అంటించి.

లెక్కలపలక:
ట్యూషన్ మాట తర్వాత. ముందు దిద్దిన పేపర్ తీసుకుని, పోయిన ప్రతి మార్కునూ మూడు కుప్పల్లో ఒకదానిలో వేయండి: తెలియక పోయినవి, తెలిసీ తప్పు చేసినవి, ప్రశ్న సరిగా చదవకో టైం చాలకో పోయినవి. మొదటి కుప్ప పెద్దదైతేనే ఎవరైనా మళ్లీ చెప్పాలి, అది కూడా ఆ పాఠం వరకే. రెండో కుప్పకు మందు రాసే తీరు మార్చడం, మెట్టుకో లైను, చివర సరిచూసుకోవడం. మూడోదానికి గడియారం పెట్టి పాత ప్రశ్నలు చేయించడం. 50 మార్కుల పేపరుకు 60 నిమిషాలిస్తే మార్కుకు నిమిషం చొప్పున రాసి, చివరి పది నిమిషాలు సరిచూసుకోవాలి. రెండు, మూడు కుప్పలున్న పిల్లవాణ్ని ట్యూషన్‌కు పంపితే వచ్చిన పాఠమే మళ్లీ విని వస్తాడు.

టీచర్‌ను కలిసినప్పుడు "మా వాడు ఎలా చదువుతున్నాడండీ?" అంటే "బాగానే ఉన్నాడు" అంటారు. పేపర్ చూపించి "ఈ మూడో లెక్కలో ఎక్కడ దారి తప్పాడు?" అని అడగండి.

రఫ్‌బుక్:
కొత్తది కొంటే కంపాస్ బాక్సులో రెండు చూడండి. వృత్తలేఖిని కీలు బిగువుగా ఉండాలి, వదులైతే సగం వృత్తం గీసేసరికి కాళ్లు జరిగి గీత మొదలైనచోట కలవదు. కోణమాని మీద రెండు వరసల అంకెలుంటాయి, 50 ఉన్నచోటే 130 కూడా ఉంటుంది. కొలిచే ముందే ఇది లంబకోణం కన్నా చిన్నదా, పెద్దదా అని పైకి చెప్పించండి. చిన్నదని చెప్పి 130 రాస్తే వాడికే తెలిసిపోతుంది.